అపాచీ లాగు సెడ్ లకెళ్లి పోతే ఫైలు వస్తలేదు, వచ్చినా సగం సగం వస్తుంది... ఎవరికన్న ఎరుకేనా?

బత్తాయితోట (నల్లగొండ) · రాత్రి 9:40

అందరికి నమస్తే. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలు పడవు కాబట్టి కమాండ్లు గూడ తెలుగులనే రాస్తున్న, జర మనసుల మార్చుకొని చదువుర్రి.

మా బావ వాళ్ల కమీషన్ దుకాణానికి ఒక చిన్న సైటు ఉంది, రైతులు ఊరు, పంట, ఫోన్ నంబరు కొడితే ఆ రోజు బత్తాయి, పత్తి, వడ్ల రేటు కనవడ్తది, మళ్ల రేటు మారితే మెసేజ్ పోతది. ఫారం గెట్ మెథడ్ ల ఉంది అంటే నంబరు అడ్రస్ బార్ లనే వస్తది, అందుకని అపాచీ (సైటు నడిపే సర్వర్ ప్రోగ్రాం) రాసే యాక్సెస్ లాగుల, అంటే ఎవరు ఏ పేజీ తెరిచిండ్రో పడే ఫైలుల, ఆ నంబరు పడకుంట ఇంతకు ముందు చేసినాయన కస్టమ్ లాగ్ లైన్ల నిలువు గీత (పైపు, ఒకదాని రాతను ఇంకో ప్రోగ్రాంకు అందిచ్చేది) పెట్టి సెడ్ (రాతల అక్షరాలు మార్చే ప్రోగ్రాం) కు పంపి, సెడ్ పది అంకెల జాగల ఎక్స్ లు పెట్టి, రెండు గ్రేటర్ దేన్ గుర్తులతోని ఫైలుకు కలిపేటట్టు పెట్టిండు. పాత మిషన్ సెంటాస్ 6, అపాచీ 2.2. ఏండ్ల సంది మంచిగనే నడిచింది, నడిచింది అంటే ఎవ్వరు చూడలేదు అనుకోర్రి.

మొన్న ఉబుంటు 22.04 కు మారినం, అపాచీ 2.4. అదే లైను కాపీ కొట్టి పెట్టిన. సైటు తెరుస్తుంది, రేట్లు వస్తున్నయ్, కాని యాక్సెస్ లాగు ఫైలే లేదు. ఖాళీగ ఉండుడు కాదు, ఫైలే పుట్టలేదు. రెండు రోజుల సంది తలకాయ కొట్టుకుంటున్న.


మాల్_రోడ్ · రాత్రి 9:52

పర్మిషన్ అన్నా అది. లాగ్ ఫోల్డర్ కు 777 కొట్టు, అయిపోతది.


గడియారం_సెంటర్ (నల్లగొండ) · రాత్రి 10:05

777 కొట్టకు బాబూ, ఎవరు చెప్పినా కొట్టకు. అపాచీని రూట్ (మిషన్ మీద అన్ని హక్కులున్న యూజర్) మొదలువెడ్తది, నిలువు గీత తర్వాత పెట్టిన ప్రోగ్రాం గూడ రూట్ కిందనే లేస్తది, దానికి పర్మిషన్ తక్కువ పడే ముచ్చటనే లేదు. పైగ ఆ ఫోల్డర్ ల అందరు రాసేటట్టు చేస్తే రేపు ఎవడన్న లాగు పేరు మీద ఇంకో ఫైలుకు లింకు పెడితే రూట్ పోయి దాని మీద రాస్తది. మాల్ రోడ్ తమ్మీ, ఏ రోగానికైనా అదే గోలి ఇస్తె ఎట్ల.

బత్తాయితోటా, ఎర్రర్ లాగుల ఏమున్నదో అది చెప్పు ముందుగాల.


బత్తాయితోట · రాత్రి 10:21

ఎర్రర్ లాగు చూడలేదు సార్, యాక్సెస్ లాగు కోసమే ఎతుకుతున్న కదా అని. ఇప్పుడు చూస్తే అమ్మో, మస్తు పెరిగింది. ఒకటే లైను మళ్ల మళ్ల పడుతుంది. "సెడ్: కాంట్ రీడ్" అని రాసి దాని పక్కన ఆ రెండు గ్రేటర్ దేన్ గుర్తులు, తర్వాత "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ". దాని కింద ఇంకో లైను, పైప్డ్ లాగ్ ప్రోగ్రాం ఫెయిల్డ్ అనెక్స్పెక్టెడ్లీ అని. గివే రెండు, వేల సార్లు.


గడియారం_సెంటర్ · రాత్రి 10:38

దొరికింది. ఇది 2.2 కు 2.4 కు నడుమ ఉన్న తేడా, చాన మంది ఇక్కడనే పడ్డరు, నేను గూడ పడ్డ.

2.2 ల నిలువు గీత పెడితే అపాచీ ఆ లైనంత తీస్కపోయి షెల్ (కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రాం) చేతిల పెట్టేది. షెల్ కు ఆ రెండు గుర్తులంటే ఎరుక, "ఓహో ఫైలుకు కలపాలె" అని కలిపేది. 2.4 వచ్చినంక షెల్ ను నడుమలకెళ్లి తీసేసిండ్రు, ప్రోగ్రాంను డైరెక్ట్ గ లేపుతది. సెడ్ కు ఏం తెలుస్తది పాపం, గుర్తులు గూడ ఒక ఫైలు పేరే అనుకొని చదువుదామని పోతది, గసొంటి ఫైలు లేదని సచ్చిపోతది, అపాచీ మళ్ల లేపుతది, మళ్ల సస్తది. నీ ఎర్రర్ లాగు ఉబ్బింది గందుకే.

ఇప్పటికి నిలువు గీత పక్కపొంటి ఖాళీ ఇడువకుంట ఒక డాలర్ గుర్తు పెట్టు. అంటే షెల్ తోనే నడిపియ్యి అని చెప్పినట్టు. కాన్ఫిగ్ టెస్ట్ కొట్టి రీస్టార్ట్ చెయ్యి.


బత్తాయితోట · రాత్రి 10:47

వచ్చింది సార్!! ఫైలు వచ్చింది. రెండు రోజుల పరేషాన్ ఒక్క డాలర్ తోని పోయింది. దండాలు.


బత్తాయితోట · రాత్రి 11:30

మళ్ల నేనే. ఖుషీ గంట గూడ లేదు.

ఫైలైతే ఉంది గాని టెయిల్ మైనస్ ఎఫ్ (ఫైలు చివర కొత్తగ పడే లైన్లు చూపించేది) పెట్టి కూసున్న, నా ఫోన్ల సైటు తెరిచిన, ఏం రాలే. నాలుగు సార్లు తెరిచిన, ఏం రాలే. పది నిమిషాలైనంక ఒక్కసారే ఇరవై లైన్ల దాక దబ్బున పడ్డయ్, మళ్ల సప్పుడు లేదు. ఇంకోటి, చివరి లైను ఎప్పుడు చూసినా సగమే ఉంటుంది, బ్రౌజర్ పేరు నడుమ తెగిపోయి "మొజిల్" అని ఆగిపోయింది. లైను విరిగిపోవుడేంది అసలు? డిస్కు ఏమన్న పోతుందా?


మాల్_రోడ్ · రాత్రి 11:34

టైం జోన్ అన్నా. సర్వరు యూటీసీల ఉంటది, మనకు ఐదున్నర గంటల తేడా.


బత్తాయితోట · రాత్రి 11:36

లేదు తమ్మీ, లాగుల ప్లస్ 0530 అనే ఉంది. టైము కరెక్టే, ఫైలుల పడుడే లేటు.


మిల్లు_బస్తా (మిర్యాలగూడ) · రాత్రి 11:41

డీఎఫ్ కొట్టి చూడు, జాగ అయిపోయిందేమో, మాకు ఒకసారి సగం సగం లైన్లు గట్లనే వచ్చినయ్.


బత్తాయితోట · రాత్రి 11:44

చూసిన, ముప్పావు ఖాళీనే ఉంది.


గద్వాల_జరీ · ఉదయం 6:50

పొద్దుగాల లేచి చదివిన ఇదంతా. బత్తాయితోట తమ్ముడూ, ఒక్క పని చెయ్యి. ఆ లాగు ఫైలు సైజు ఎంతుందో బైట్లల్ల చూసి చెప్పు. ఒకసారి కాదు, ఐదారు సార్లు, పెరిగినప్పుడల్ల.


బత్తాయితోట · ఉదయం 8:15

అక్కా, రాత్రి మళ్ల రీస్టార్ట్ కొట్టి ఫైలు కొత్తగ మొదలుపెట్టిన. లేచినంక చూస్తే 8192. చాయ తాగి వచ్చినంక 12288. ఇప్పుడు 16384. నడుమల ఇంకో నంబరు కనవడలేదు.


గద్వాల_జరీ · ఉదయం 8:32

అయితే నీ డిస్కు మంచిగున్నది, అపాచీ మంచిగున్నది, సెడ్ గూడ దాని పని అది చేస్తుంది. ఆ నంబర్లన్ని 4096 తోని భాగిస్తే పోతయ్ చూడు, రెండు మూడు నాలుగు రెట్లు.

మన సెంటర్ల షేర్ ఆటో ఉంటది కదా, నువ్వు ఎక్కినవని కదులుతదా? సీట్లన్ని నిండాలె, డ్రైవర్ పక్కపొంటి ఇద్దరు కూసోవాలె, అప్పుడు కదులుతది. సెడ్ గంతే. అది స్క్రీను మీదికి రాస్తున్నప్పుడు లైనుకొకసారి బయటికి పంపుతది. అదే ఫైలుకు గాని ఇంకో పైపుకు గాని రాస్తుంటే, ఎదురుంగ మనిషి లేడు కదా తొందరేంది అని లోపట ఒక డబ్బల దాసుకుంటది, 4096 బైట్లు నిండినంకనే ఒక్కసారి బయట పారపోస్తది. ఇది సెడ్ ఒక్కదాని గుణం కాదు, సీ లైబ్రరీ గుణం, దాని మీద నడిచే గ్రెప్, ఆక్, కట్ లాంటి రాతలు ఎతికి కోసే ప్రోగ్రాంలన్నిటికి ఉంటది.

నీ లైను ఒకటి సుమారు రెండు వందల బైట్లు ఉంటది అనుకో, ఇరవై లైన్లకు ఆటో నిండుతది. నువ్వు చెప్పిన ఇరవై లెక్క గదే. ఇగ చివరి లైను ఎందుకు తెగుతుందంటే ఆటోవాడు లైను చూడడు, బైట్లు చూస్తడు, 4096 కాడ కత్తెర వేస్తడు, మిగిలిన ముక్క మళ్లొచ్చే ఆటోల వస్తది.

పాత సర్వర్ల గూడ ఇట్లనే ఉండె, కాని జనం ఎక్కువున్నప్పుడు ఆటో నిమిషంల నిండుతది, ఎవ్వరు గుర్తుపట్టరు. రాత్రిపూట నువ్వొక్కనివి కూసొని చూసినవు కాబట్టి దొరికింది.


పాలమూరు_పోరడు · ఉదయం 8:50

అక్కా ఆగు ఆగు, నాకు ఏడాది సంది ఉన్న డౌటు ఇదేనా?? టెయిల్ ను ఒక గ్రెప్ కు పంపితే టకటక వస్తయ్ లైన్లు, ఆ గ్రెప్ ను ఇంకో గ్రెప్ కు పంపితే సచ్చినా రావు. నేను నా గ్రెప్పే ఖరాబైంది అనుకొని మిషన్ ఫార్మాట్ కొట్టిన ఒకసారి, నిజంగ.


గద్వాల_జరీ · ఉదయం 8:58

ఫార్మాటా 😂 గదే తమ్మీ. ఒక్క గ్రెప్ ఉంటే అది స్క్రీను మీదికి రాస్తుంది, ఆలస్యం లేదు. రెండోది పెట్టంగనే మొదటిదాని ముందల పైపు వచ్చింది, అది దాసుకునుడు మొదలువెట్టింది. మొదటి గ్రెప్ కు లైన్ బఫర్డ్ అనే ఆప్షన్ పెట్టు, రెండు మైనస్ లతోని. చివరి గ్రెప్ కు అవసరం లేదు. ఇంకో సంగతి, టెయిల్ కు చిన్న ఎఫ్ కాదు పెద్ద ఎఫ్ పెట్టు. చిన్న ఎఫ్ తెరిచిన ఫైలునే పట్టుకొని ఉంటది, రాత్రి లాగు రొటేట్ అయి పాతది పక్కకు పోతే దాని ఎంబడే పోతది, కొత్తదాన్ల ఏం పడ్డా నీకు కనవడదు.


పాలమూరు_పోరడు · ఉదయం 9:10

సమజైంది సమజైంది. మరి ఆక్ కు ఏం పెట్టాలె, నేను తొమ్మిదో ఫీల్డు 500 ఉన్న లైన్లు తీసి ఇంకో స్క్రిప్టుకు పంపుత, అది గూడ గట్లనే ఏడుస్తది.


గద్వాల_జరీ · ఉదయం 9:24

ప్రింట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ అని బ్రాకెట్లు పెట్టు, లైనుకొకసారి పంపుతది. కాని నీది ఉబుంటు అయితే దాన్ల ఆక్ అంటే మామూలుగ వచ్చేది ఎమ్ఆక్, అది రాసేటప్పుడే కాదు చదివేటప్పుడు గూడ దాసుకుంటది, ఎఫ్‌ఫ్లష్ ఒక్కటే పెడితే సగం రోగమే పోతది. పెద్ద డబ్ల్యు పెట్టి ఇంటరాక్టివ్ అని రాయి, లేకపోతే జీఆక్ వేసుకో. నేను జీఆక్ వేసుకున్న, ఎమ్ఆక్ తోని లొల్లి పడే ఓపిక లేదు.


బత్తాయితోట · ఉదయం 9:40

నా సెడ్ కు?


గడియారం_సెంటర్ · ఉదయం 9:55

మైనస్ యు. అన్‌బఫర్డ్. గద్వాల అమ్మాయి మంచిగ చెప్పింది, నాకు రాత్రి నిద్రమత్తుల తట్టలేదు.


మ్యాక్_మామ (హైదరాబాద్, సొంతూరు దేవరకొండ) · ఉదయం 10:12

నాకు మైనస్ ఎల్ పెడితే పని చేస్తుంది కదా, లైన్ బఫర్డ్ అని మాన్యువల్ లనే ఉంది.


గడియారం_సెంటర్ · ఉదయం 10:20

మీది మ్యాక్ మామా, అందుల బీఎస్‌డీ సెడ్ ఉంటది, దాన్ల మైనస్ ఎల్ అంటే అదే. లినక్స్ ల ఉన్నది గ్నూ సెడ్, దాన్ల మైనస్ ఎల్ అంటే లైను ఎంత పొడుగు కాడ మడవాలె అనే లెక్క, వేరే ముచ్చట. ఒకటే పేరు, రెండు వేరే మనుషులు.


బత్తాయితోట · ఉదయం 10:44

మైనస్ యు పెట్టిన. ఫోన్ల రిఫ్రెష్ కొట్టంగనే లైను పడ్డది. కండ్లల్ల నీళ్లొచ్చినయ్ అంటే నమ్మర్రు.


రిజల్ట్_డ్యూటీ (వనపర్తి) · ఉదయం 11:30

ఆలస్యంగ వచ్చిన. నీళ్లు తుడుసుకొని ఒక మాట ఇను అన్నా. మైనస్ యు పెడితే సెడ్ రాసుడే కాదు చదువుడు గూడ ఒక్కొక్క బైటు చదువుతది. నమ్మకపోతే ఎస్‌ట్రేస్ (ప్రోగ్రాం లోపట ఏమేం చేస్తుందో చూపించేది) పెట్టి చూడు, రీడ్ సున్నా, ఒక అక్షరం, ఒకటి... రీడ్ సున్నా, ఒక అక్షరం, ఒకటి... లైనుకు రెండు వందల సార్లు. నీ సైటుకు ఏం కాదు, రోజుకు ఎన్నొస్తయ్ లైన్లు. కాని పెద్ద సైటుకు అది బరువే. దానికి మైనస్ యు కాకుంట సెడ్ ముందల ఎస్‌టీడీ బఫ్ అని పెట్టి మైనస్ ఓ ఎల్ ఇస్తే చదువుడు మామూలుగ జరుగుతది, రాసుడు మాత్రం లైనుకొకసారి. కోర్ యుటిల్స్ ల ఉంటది, వేరేది వేసేది లేదు.

ఇది ఎందుకు చెప్తున్న అంటే నేను దెబ్బ తిన్న. ఒక కాలేజీ సైటు చూసెటోణ్ణి, పేరు వద్దు. లాగుల ఐపీలు కాకుంట పేర్లు కావాలె అని పెద్ద సారుకు బుద్ధి పుట్టింది, నేను పైపు చివర ఒక స్క్రిప్టు పెట్టిన, ప్రతి ఐపీకి డీఎన్ఎస్ ల పేరు ఎతికి రాసేది. మామూలు రోజుల్ల బాగనే ఉండె. రిజల్ట్ నాడు పొద్దుగాల పదింటికి పోరగాళ్లు మీదవడ్డరు, సైటు ఆగిపోయింది. సీపీయూ ఖాళీ, మెమరీ ఖాళీ, డేటాబేస్ నిద్రపోతుంది, కాని పేజీ రాదు. ఫోన్లు, తిట్లు, ఆగమాగం. సర్వర్ స్టేటస్ పేజీ తెరిస్తే స్కోర్ బోర్డుల అన్ని ఎల్ అక్షరాలే. ఎల్ అంటే లాగింగ్. అంటే అపాచీ పేజీ ఇచ్చేసింది, లాగు రాద్దామని పైపు కాడ లైన్ల నిలవడ్డది, నా స్క్రిప్టు ఏమో ఒక్కొక్క పేరు ఎతుక్కుంట కూసున్నది, పైపు నిండిపోయింది. లినక్స్ ల పైపుల పట్టేది 65536 బైట్లే. అది నిండినంక రాసెటోడు ఆగాల్సిందే, రాసెటోడు అంటే ఇక్కడ సైటు.

గంట సేపు ఎతికిన. ఎతికింది ఎక్కడ అంటే డేటాబేస్ ల. లాగు సైటును ఆపుతది అని ఎవనికి తడతది.


గడియారం_సెంటర్ · మధ్యాహ్నం 12:05

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంల నీడ లెక్క అయింది నీది. నీడ ఒక కాడ పడుతది, స్తంభం ఇంకోకాడ ఉంటది.


రిజల్ట్_డ్యూటీ · మధ్యాహ్నం 12:11

అంతే సార్. ఆ నీడను పట్టుకొని గంటసేపు గుంజిన.


మిల్లు_బస్తా · మధ్యాహ్నం 12:40

నాకొక డౌటు, నవ్వకుర్రి. అసలు ఫిల్టర్ ఎందుకు? లాగ్ ఫార్మాట్ లనే క్వశ్చన్ మార్కు తర్వాతిది రాకుంట చేయొచ్చు కదా. రిక్వెస్ట్ లైను మొత్తం రాసే చిన్న ఆర్ తీసేసి, దాని జాగల మెథడ్ కు చిన్న ఎమ్, దారికి పెద్ద యు, ప్రోటోకాల్ కు పెద్ద హెచ్ పెట్టి, పాత పేజీ అడ్రస్ రాసే రిఫరర్ గూడ తీసేస్తే అయిపాయె. సెడ్ లేదు పైపు లేదు ఆటో లేదు.


గద్వాల_జరీ · మధ్యాహ్నం 12:52

నవ్వుడెందుకు, అందరికంటే మంచి మాట నువ్వే చెప్పినవు. నేనైతే ఇంకొంచెం ముందుకు పోయి ఫారమే పోస్ట్ మెథడ్ కు మార్చమంట. నంబరు అడ్రస్ ల లేకపోతే లాగుల ఎట్ల పడ్తది. బ్రౌజర్ హిస్టరీల గూడ పడదు, ఇంట్ల ఒక్క ఫోను నలుగురు వాడుతరు కదా.


బత్తాయితోట · మధ్యాహ్నం 1:30

మీరన్నది నిజమే, కాని బావకు ప్రతి సోమవారం ఒక లెక్క కావాలె, ఏ ఊరోళ్లు ఏ పంట రేటు ఎక్కువ చూసిండ్రు అని, ఆ లెక్క లాగులకెళ్లే తీస్తున్నం, ఊరు పేరు క్వశ్చన్ మార్కు తర్వాతనే ఉంటది. అది తీసేస్తే లెక్క పోతది. ఫారం మార్చాలంటే రాసినాయన బెంగుళూరు పోయిండు, ఫోన్ ఎత్తడు. దసరాకు వస్తడంట, అప్పుడు పట్టుకుంట. అప్పటిదాక సెడ్డే.


గద్వాల_జరీ · మధ్యాహ్నం 1:41

సరే. అయితే సెడ్ ల ఏం రాసి ఉందో చెప్పు, మాటలల్లనే చెప్పు. నాకు ఏదో అనుమానం కొడుతుంది.


బత్తాయితోట · మధ్యాహ్నం 1:55

ఎస్, స్లాష్, సున్నా నుంచి తొమ్మిది దాక అంకెలు పది సార్లు, స్లాష్, పది ఎక్స్ లు, స్లాష్. గంతే. ముందల మైనస్ పెద్ద ఈ ఉంది.


గద్వాల_జరీ · మధ్యాహ్నం 2:10

చివర జీ లేదు కదా? అనుమానం అదే.

జీ లేకపోతే సెడ్ లైనుల మొదటిది ఒక్కటే మారుస్తది. ఇప్పుడు చూడు, రైతు రేటు పేజీ తెరిచిండు, ఆ లైనుల నంబరు పోయింది, బాగుంది. తర్వాత ఆ పేజీలకెళ్లి బొమ్మలు, సీఎస్ఎస్ అడుగుతది బ్రౌజర్, ఆ లైన్లల్ల రిఫరర్ అని ఒక కాలం ఉంటది, దాన్ల పాత పేజీ అడ్రస్ మొత్తం వస్తది నంబరుతోని సహా. ఆ లైనుల ముందల ఎక్కడన్న పది అంకెలు ఇంకోటి ఉందనుకో, సెడ్ దాన్ని మార్చి చేతులు దులుపుకుంటది. మా దగ్గర ఒకసారి జేక్వెరీ (పేజీల వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పెట్టే టైము నంబరు, పదమూడు అంకెలు, దాన్ల మొదటి పది తిని అసలు ఫోన్ నంబరును ఇడిసిపెట్టింది.

ఒకసారి మీ లాగుల గ్రెప్ కొట్టు, ఫోన్ ఈక్వల్ టూ తర్వాత ఆరు నుంచి తొమ్మిది లోపల అంకె ఉన్న లైన్లు ఎన్నున్నయో లెక్క పెట్టు. సున్నా రావాలె.


బత్తాయితోట · మధ్యాహ్నం 2:34

సున్నా కాదు.

ఎన్నో చెప్పను, సిగ్గయితుంది.


మాల్_రోడ్ · మధ్యాహ్నం 2:36

😶


పాలమూరు_పోరడు · మధ్యాహ్నం 2:50

మరి జీ పెడితే పదమూడు అంకెలల్ల గూడ పది ఎక్స్ లు అయితయ్ కదా, అది నష్టం లేదంటవా


గద్వాల_జరీ · మధ్యాహ్నం 3:05

నష్టం లేదు గాని మంచిగ లేదు. పది అంకెలు అని ఎక్కడవడితే అక్కడ కొట్టుడు కంటే పేరు పట్టుకొని కొట్టుడు మేలు. ఫోన్ ఈక్వల్ టూ అని ఉన్నకాడ, దాని తర్వాత యాండ్ గుర్తు గాని ఖాళీ గాని కోట్ గుర్తు గాని వచ్చేదాక ఏమున్నా సరే మొత్తం ఎక్స్ లు అను, చివర జీ పెట్టు. అప్పుడు ప్లస్ 91 పెట్టి కొట్టినోళ్లది గూడ పోతది, అది లాగుల పర్సెంట్ 2బీ 91 అని పడ్తది చూడు, నడుమ ఖాళీ ఇచ్చి ఐదు ఐదు అంకెలు కొట్టెటోళ్లది గూడ పోతది. మన రైతులు నంబరు పది తీర్ల కొడతరు, అంకెలు లెక్క పెట్టుకుంట కూసుంటే అయితదా.


రిజల్ట్_డ్యూటీ · మధ్యాహ్నం 3:20

ఎర్రర్ లాగు మరువకుర్రి. అపాచీ ఎర్రర్ లైను చివర గూడ రిఫరర్ అని పెడ్తది. ఒక బొమ్మ ఫైలు చదవనీకి అపాచీకి పర్మిషన్ లేదు అనుకో, ఆ ఎర్రర్ పక్కపొంటి రైతు నంబరు. యాక్సెస్ లాగు ముందర తలుపుకు తాళం వేసి ఎనుక దర్వాజ తెరిచినట్టు ఉంటది.


బత్తాయితోట · మధ్యాహ్నం 3:42

ఇప్పుడే చూసిన. ఉన్నయ్. అదే రాత్రి ఎర్రర్ లాగు తెరిచి "కాంట్ రీడ్" చదివిన కదా, దాని పక్కనే ఉండె నంబర్లు, నాకు కనవడలే.


గడియారం_సెంటర్ · సాయంత్రం 5:30

ఇగ ఆ కాన్ఫిగ్ లైనుల కోట్ లల్ల కోట్లు, డాలర్లు, స్లాష్ లు కుక్కకు. ఒక చిన్న స్క్రిప్టు ఫైలు చెయ్యి. రెండే లైన్లు. మొదటిది షెల్ లైను. రెండోది, ఎగ్జెక్ అని మొదలువెట్టి సెడ్, మైనస్ యు, మైనస్ పెద్ద ఈ, నీ నమూనా, తర్వాత రెండు గ్రేటర్ దేన్ లు, ఫైలు పేరు. ఎగ్జెక్ ఎందుకంటే షెల్ పక్కకు జరిగి దాని జాగల సెడ్ కూసుంటది, అపాచీ సిగ్నల్ పంపితే సక్కగ సెడ్ కే తగులుతది, నడుమ దళారి ఉండడు. (మీ బావ ఏమనుకోవద్దు.) ఇప్పుడు కాన్ఫిగ్ ల ఆ డాలర్ గుర్తు గూడ తీసెయ్యి, ఉత్త నిలువు గీత, స్క్రిప్టు దారి, అంతే. ఫైలు పేరును స్క్రిప్టుకు పక్కపొంటి ఇచ్చేటట్టు పెట్టుకుంటే అదే స్క్రిప్టు ఎర్రర్ లాగుకు గూడ పనికొస్తది, ఎర్రర్ లాగ్ లైన్ల గూడ నిలువు గీత నడుస్తది.

ఆ స్క్రిప్టు ఓనర్ రూట్ ఉండాలె, రాసే పర్మిషన్ రూట్ కు ఒక్కదానికే. అది రూట్ కింద నడుస్తది అని మొదలే చెప్పిన. 777 తమ్మీ ఇంటున్నవా.


మాల్_రోడ్ · సాయంత్రం 5:33

ఇంటున్న సార్ 🙏


బత్తాయితోట · సాయంత్రం 6:15

సార్ ఒక్కటి, పాత మిషన్ల రోజు రాత్రి రొటేట్ అయ్యేటప్పుడు కొన్ని లైన్లు తక్కువ వస్తున్నయ్ అని ఇదివరకు చూసినాయన ఒక నోట్ ల రాసిపెట్టిండు, "ఎందుకో తెల్వదు" అని. అది గూడ ఆటో ముచ్చటేనా?


గద్వాల_జరీ · సాయంత్రం 6:40

అదే అయి ఉంటది. రొటేట్ అయినంక అపాచీని రీలోడో రీస్టార్టో కొడతరు, పాత సెడ్ సిగ్నల్ తోని సస్తే దాని డబ్బల ఉన్నది ఫైలుకు రాకుంటనే పోతది. నిండని ఆటోను నడిమిట్ల ఆపి అందరిని దింపేసినట్టు. మైనస్ యు ఉంటే దాన్ల దాసుకున్నది ఏం ఉండదు కాబట్టి పోయేది గూడ ఉండదు. కావాలంటే రేపు పొద్దుగాల పాత ఫైలు చివరి లైను, కొత్త ఫైలు మొదటి లైను పక్కపక్కన పెట్టి టైములు చూడు.


బత్తాయితోట · మరునాడు ఉదయం 7:05

చూసిన అక్కా. రాత్రి రొటేట్ ముందల ఐదు నిమిషాలు నేనే లేచి కూసొని నిమిషానికి రెండు సార్లు సైటు తెరిచిన, ఒక్కటి గూడ పోలేదు, పాతదాన్ల కొన్ని కొత్తదాన్ల కొన్ని, లెక్క సరిపోయింది. చివరి లైను గూడ పూరాగ ఉంది. రెండు లాగులల్ల ఫోన్ ఈక్వల్ టూ ఎతికితే అన్నిటికి ఎక్స్ లే. బావ సోమవారం లెక్క గూడ వస్తది, ఊరు పేర్లు అట్లనే ఉన్నయ్.


మిల్లు_బస్తా · మరునాడు ఉదయం 7:30

మంచిగైంది. పాత ఫైళ్లు? ఉబుంటుల అపాచీ లాగులు రోజుకొకటి తిరిగి పద్నాలుగు దాక జిప్ అయి ఉంటయ్ కదా, పాత మిషన్ యి గూడ తెచ్చుకున్నవా?


బత్తాయితోట · మరునాడు ఉదయం 7:38

...తెచ్చుకున్న. ఒక ఫోల్డర్ మొత్తం. బ్యాకప్ అని.


రిజల్ట్_డ్యూటీ · మరునాడు ఉదయం 7:45

అన్నిటికి అదే సెడ్ కొట్టాలె. జీక్యాట్ తోని విప్పి, సెడ్ కు పంపి, మళ్ల జీజిప్ చెయ్యి. కాని విప్పిన ఫైలు పేరు మీదికే రాయకు, ముందుగాల షెల్ ఆ ఫైలును ఖాళీ చేసి తర్వాత చదువుడు మొదలువెడ్తది, చేతికి సున్నా వస్తది. కొత్త పేరు మీద రాసి, లైన్ల లెక్క రెండిట్ల ఒకటే ఉంటేనే పాతది తీసెయ్యి. ఇక్కడ మైనస్ యు వద్దు, ఎవ్వరు ఎదురు చూస్తలేరు, ఆటో నిండినంకనే పోనియ్యి, జల్ది అయితది.


బత్తాయితోట · మరునాడు ఉదయం 11:20

నూట ఎనభై రెండు ఫైళ్లు. నూట డెబ్బై అయినయ్. కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద నడుస్తుంది.